ముల్లు దిగింది గదా అనుకున్నాము



మా వేల్పూర్ ప్రాంతంలో పసుపు ఉడకబెట్టే రోజుల్లో చిన్నపిల్లలను కడాయి దగ్గరకు రానివ్వము. ఆవిరి తగిలితే ఏమవుతుందో ఇంటింటా తెలుసు. అటువంటి ఆవిరే మనము కుటుంబ సమేతంగా ఎక్కి కూర్చునే కారు బానెట్ క్రింద కూడా ఉంటుందన్న సంగతి ఎంతమందికి గుర్తుంటుంది? నాకైతే గత మే నెల వరకు లేదు.

మెదక్‌లో దగ్గరి బంధువుల పెండ్లి. 1924లో ప్రతిష్ఠింపబడిన కేథడ్రల్‌ను చూడాలని పిల్లలకు ఎప్పటినుండో ఆశ. బావగారి పాత కారులో ఆరుగురము బయలుదేరాము. ఎండ మండిపోతున్నది, ఏసీ నిండుగా పెట్టుకున్నాము. ఆర్మూర్, డిచ్‌పల్లి దాటి, ఇందల్వాయి అడవిలో రోడ్డు ఎత్తెక్కుతున్నప్పుడు వెనుక కూర్చున్న మేనల్లుడు అన్నాడు, "నాయినా, ఆ ముల్లు ఎర్రగీత కాడికి పోయింది చూడు."

"ఎండకు అట్లనే ఉంటది. కామారెడ్డిల ఆపుదాం తియ్" అన్నారు బావగారు. నేనూ ఏమీ అనలేదు. పెండ్లికి ఆలస్యమవుతుందన్న తొందర నాదీ.

కొంచెం దూరం పోగానే ముల్లు దానంతట అదే క్రిందికి దిగింది. "చెప్పిన గదా!" అని బావగారు నవ్వారు. మరి నాలుగు నిమిషాలకు ఇంజను గరగరమని ఆగిపోయింది.

ముల్లు ఎందుకు దిగిందో తరువాత తెలిసింది. వేడిని కొలిచే సెన్సారు నీటిలో మునిగి ఉంటేనే సరిగా చెబుతుంది. మా కారు గొట్టం పగిలి నీరంతా పోయింది. సెన్సారుకు తగులుటకు నీరే లేదు గనుక ముల్లు చల్లబడినట్టు చూపింది. లోపల ఇనుము మాత్రం కాలిపోతున్నది. ఎర్రగీత దాకా పోయిన ముల్లు బండి నడుస్తుండగా ఒక్కసారిగా పడిపోతే సంతోషించకండి. వెంటనే బండి ఆపండి.

అసలు ప్రమాదం ఆ తరువాత తప్పింది. బావగారు తువ్వాలు చేతికి చుట్టుకొని రేడియేటర్ మూత తిప్పబోయారు. వెనుక ఆపిన లారీ డ్రైవరు ఒకాయన పరుగున వచ్చి చేయి పట్టుకున్నాడు. "కుక్కర్‌ల ఆవిరి పోకముందే మూత తీస్తవా అన్నా?" అన్నాడు. ఎంత సరియైన మాట! రేడియేటర్ మూత కూడా లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. అందుచేత మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీరు ఇంచుమించు 120 డిగ్రీల వరకు మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పోయి, ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ప్రక్కనే మా అక్క, పిల్లలు నిలబడి ఉన్నారు. ఆ మనిషి పేరైనా అడగలేదు, ఇప్పటికీ బాధగా ఉన్నది.

కామారెడ్డిలో మెకానిక్ రేడియేటర్ విప్పితే పసుపుపచ్చని మడ్డి బయటపడింది. మార్చిలో సన్నగా కారుతున్నదని ఎవరో చెబితే బావగారు గుప్పెడు పసుపు పొడి వేశారట! లారీల వాళ్లలో ఈ చిట్కా పాతదే. పొడి ఉబ్బి రంధ్రాన్ని మూస్తుంది, నిజమే. కాని రేడియేటర్‌లోని సన్నని గొట్టాలను కూడా మూస్తుంది. మన పసుపును తక్కువ చేయడం లేదు. జాతీయ పసుపు బోర్డు కార్యాలయమే 2025లో నిజామాబాద్‌కు వచ్చింది. కూరలో వేసేది కూరలోనే వేయాలి, అంతే.

దానికి తోడు ఏడాదిగా పోసినవి బోరు నీళ్లు. మన గిన్నెల అడుగున తెల్లగా కట్టే సుద్ద పొర ఇంజనులోనూ కడుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. కూలెంట్ అని అమ్మే ద్రవాన్ని మెత్తని నీటితో కలిపి పోస్తే తుప్పు పట్టదు, మరిగే వేడి కూడా కొంత పెరుగుతుంది. ఏ రకమో, ఎన్నేళ్లకు మార్చాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దారిలో అత్యవసరమైతే మంచినీళ్లు పోసుకొని ఇల్లు చేరవచ్చును. తరువాత తీసివేయించాలి. తల్లులారా, ఒక్క మాట. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కాని చాలా రకాలు విషమే. మిగిలినది కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో పెట్టకండి. నేలమీద ఒలికినది కుక్కలు నాకినా ప్రాణం పోతుంది.

బండి బాగుగా ఉంటే, ఇంజను వేడెక్కిన తరువాత ముల్లు ఇంచుమించు మధ్యలో నిలుస్తుంది. లోపల 90 డిగ్రీల అటు ఇటు అన్నమాట. మీ బండి ముల్లు రోజూ ఎక్కడ నిలుస్తుందో చూసి పెట్టుకోండి, అంతకన్న పైకి పోతే ఏదో ఉన్నట్టే. ఈనాటి చిన్న కార్లు చాలావాటిలో ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం. ఎర్ర దీపం వెలిగిందంటే ఇక కామారెడ్డి దాకా అనే మాట లేదు. ఏసీ ఆపి, హీటర్ నిండుగా పెట్టి, రోడ్డు ప్రక్కకు తీసి ఇంజను ఆపాలి. ఎండాకాలంలో హీటరా అంటారేమో, అది ఇంజను వేడినే కొంత బయటికి లాగుతుంది. అరగంటైనా ఆగి, పైగొట్టం చేతికి చల్లగా తగిలిన తరువాతనే మూత జోలికి పోవాలి. వేడి ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే ఇనుము పగిలే ప్రమాదమున్నది.

మా ఇంజను హెడ్ వంగిపోయింది, గాస్కెట్ కాలింది, పిస్టన్లు పట్టేశాయి. పదకొండు రోజులు, రూ.38,000. పసుపు అమ్మిన డబ్బులో అక్క దాచిపెట్టినది అటే పోయింది. పెండ్లికి బస్సులో చేరేసరికి భోజనాలు ముగుస్తున్నాయి. కేథడ్రల్‌ను పిల్లలు బయటి నుండే చూశారు.

ఇప్పుడు ఆదివారం ఆరాధనకు బయలుదేరే ముందు, ఇంజను చల్లగా ఉండగానే మేనల్లుడు బానెట్ ఎత్తి తెల్లని డబ్బా వైపు వంగి చూస్తాడు. రెండు గీతల మధ్య కూలెంట్ ఉంటే "ఉన్నది నాయినా" అని కేకవేస్తాడు. ఆ కేక వినిపించేదాకా బావగారు తాళంచెవి తిప్పరు.