మెదకు దేవాలయమునకు కాలినడక



యాత్ర యనునది మన గ్రామములకు క్రొత్తమాట కాదు. శివరాత్రికి ఏడుపాయల వనదుర్గాభవాని జాతరకు బండ్లు కట్టుకొని పోవుటయు, మూటలు నెత్తిన పెట్టుకొని నడచిపోవుటయు మనమందర మెరిగినదే. అట్లే క్రీస్తుజయంతికి మెదకు పట్టణమందలి గొప్ప క్రైస్తవ దేవాలయమునకు నడచిపోవువారును కలరు. నర్సాపూరు అడవి దాటి, కౌడిపల్లి మీదుగా, కొల్చారము మీదుగా పోవు బాట వారిది. నేను కౌడిపల్లివాడను. ఈ బాటను పలుమారులు నడచితిని. నడచివచ్చినవారికి నీళ్లును ఇచ్చితిని. ఈ యాత్రకు మూలమేమి, దూరదేశములలో ఇట్టి యాత్రలు ఎట్లు నిలిచినవి, మన బాట నిలుచుటకు మనము చేయదగిన దేమి యను మూడు సంగతులను నేడు మనవి చేసెదను.

మొదట దేవాలయపు సంగతి. వెస్లియను మెథడిస్టు సంఘమునకు చెందిన ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అను ఆంగ్లేయ బోధకుడు 1895లో సికిందరాబాదునకు వచ్చి, కొలదికాలమునకే మెదకున స్థిరపడెను. ఆయన పూనికచే 1914లో దేవాలయ నిర్మాణము ఆరంభమై, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. మందిరము 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గలది. గంటల గోపురము ఎత్తు 175 అడుగులు. లోపల సుమారు 5,000 మంది కూర్చుండి ఆరాధన చేయవచ్చును. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడినపుడు ఈ దేవాలయము ఆ సంఘములో చేరి, మెదకు అధ్యక్షమండలమునకు ప్రధానస్థాన మాయెను. 2024తో దీనికి నూరేండ్లు నిండినవి.

అయితే ఈ కొలతలకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. నిర్మాణము సాగిన దినములలో ఈ సీమను కరవు పీడించెను. పొలమున పని లేదు, గాదెలో గింజ లేదు. అప్పుడు చుట్టుప్రక్కల పల్లెలవారికి ఈ కట్టడమున పని కల్పించి, కూలికి బదులు తిండి పెట్టిరి. పునాది త్రవ్వుట, రాళ్లు మోయుట, సున్నము కలుపుట మొదలైన పనులకై ఆలుబిడ్డలతో జనులు నడచి వచ్చిరి. కావున మెదకు దేవాలయపు దారిని మ్రొక్కులవారికంటె ముందు ఆకలిగొన్నవారు త్రొక్కిరని చెప్పవలెను. ఆ రాళ్లు మోసినవారి మనుమలు, మునిమనుమలు నేటి యాత్రికులలో నున్నారు. యాత్ర చేయని ఇండ్లలోను ఉన్నారు.

ఇక దూరదేశపు ముచ్చట. ఫ్రాన్సు దేశమున ల పుయి అను పట్టణము కలదు. అచ్చటి అధ్యక్షుడు గొడెస్కాల్కు అనునాయన 950వ సంవత్సరము తుదను, పరివారముతో బయలుదేరి, పిరెనీసు పర్వతములు దాటి, స్పెయిను దేశమున సంతియాగో అను చోట నున్న యాకోబు అపొస్తలుని సమాధిని దర్శించెను. నాటినుండి లక్షలకొలది జనులు ఆ బాటను నడచిరి. దాని పొడవు సుమారు 1,500 కిలోమీటరులు. రెండుమాసములకు పైబడిన నడక. దారి యంతయు పల్లెలు, పచ్చికబయళ్లు, ద్రాక్షతోటలు, రాతివంతెనలు. నడుమ కొంకు, మోసాకు మొదలైన ఊళ్లలో ప్రాచీన దేవాలయములు కలవు.

యుద్ధములు వచ్చినవి, మతకలహములు వచ్చినవి, రైళ్లు వచ్చినవి. ఒకప్పుడు ఆ బాట ఇంచుమించుగా పాడుపడి, గడచిన శతాబ్దపు ఉత్తరభాగమున మరల జీవించెను. 1998లో ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక సంస్థ యగు యునెస్కో ఫ్రాన్సులోని ఈ బాటలను ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చెను. ఇది మరల జీవించుటకు నా యెరుకలో మూడు కారణములు కలవు.

మొదటిది గురుతు. చెట్లమీద, రాళ్లమీద ఎఱుపు తెలుపు చారలు వ్రాసియుండును. క్రొత్తవాడైనను భాష రానివాడైనను వానిని చూచి నడచిపోవును. యాత్రికుని మెడలోనో మూటమీదనో వ్రేలాడు సముద్రపు గుల్ల చూచి, ఇతడెవడో ఎక్కడికి పోవుచున్నాడో ఊరివారు గుర్తించెదరు.

రెండవది ఆశ్రయము. ఒబ్రాకు అను మిట్టనేలమీద మంచు దట్టముగా కురియును. అచ్చట 12వ శతాబ్దమున యాత్రికులకొరకు సత్రమొకటి కట్టిరి. పొగమంచులో దారి తప్పినవారు శబ్దము ననుసరించి వచ్చుటకై గంట మ్రోగించుచుండిరి. దానిని తప్పిపోయినవారి గంట యని పిలిచెదరు.

మూడవది ఊరి ఆదరణ. నేడును యాత్రికుడు తనవెంట ఒక చిన్న పుస్తకము తీసికొనిపోవును. బస చేసిన ప్రతి చోట దానిపై ముద్ర వేసెదరు. ఆ ముద్ర వేయు చేయి ఆ పల్లెలోనిదే. బాట గట్టిగా నుండుట కట్టడమువలన గాక, దారిప్రక్కవాడు తలుపు తెరచుటవలననే యని దీనివలన తెలియుచున్నది.

మన బాటకు ఈ మూడింటిలో నేమి కలదు? గురుతు కలదు, మెదకు దగ్గరపడిన కొలది ఆ గోపురమే యాత్రికుని పిలుచును. కాని ఆశ్రయము తగ్గినది. హైదరాబాదునుండి మెదకు పోవు దారి ఇప్పుడు జాతీయ రహదారి. బండ్ల వేగము పెరిగినది. నడచువాడు అంచునకు త్రోయబడినాడు. క్రీస్తుజయంతి ఆరాధన తెల్లవారుజామున మొదలగును గనుక చాలమంది రాత్రి నడచెదరు. చీకటిలో లారీల వెలుగు కన్నులలో కొట్టుచుండ, పిల్లల చేయి పట్టుకొని నడచుట ప్రాణముతో కూడిన పని.

మా ఊరి పెద్దమనిషి యొకరు నన్నడిగిరి: “ఏమయ్యా, బస్సు లుండగా నడచుట యెందుకు? నడచెదరు పో, వారికొరకు మనమేల శ్రమపడవలెను?” మొదటి ప్రశ్నకు నా సమాధాన మిది. బస్సులో పోవువాడు దేవాలయమును చూచును. నడచిపోవువాడు దారిలోని పది ఊళ్లను, తోడు నడచువాని కష్టసుఖములను కూడ చూచును. రాత్రి చేరినవానికి ఆ దేవాలయపు రంగుటద్దముల కిటికీలు నల్లగా కనుపించును. ఫ్రాంక్ సాలిస్‌బరీ అను చిత్రకారుడు రూపొందించిన క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము అను ఆ మూడు చిత్రములు సూర్యుడు పొడిచి వెలుగు సోకినప్పుడే లోపలివారికి కనబడును. నడచి వచ్చి, కాచుకొని కూర్చున్నవానికి ఆ యుదయము యొక్క విలువ వేరు.

రెండవ ప్రశ్న గట్టిది. దానికి సమాధానము మన బాటయే చెప్పుచున్నది. కొల్చారమున జైనుల పార్శ్వనాథుని ఆలయము కలదు. ఆ వైపుననే మంజీర యొడ్డున ఏడుపాయల అమ్మవారు కలదు. ముందు మెదకు దేవాలయము కలదు. డిసెంబరులో క్రైస్తవునికి పెట్టిన కుండ నీరు మాఘమాసమున శివరాత్రి యాత్రికునికిని పనికివచ్చును. దప్పికకు మతభేదము లేదు.

కావున గ్రామపెద్దలకు నా మనవి యిది. డిసెంబరునకు ముందే గ్రామసభలో ఈ సంగతి తలపెట్టుడు. రహదారి ప్రక్కనున్న బడియో చావడియో ఒక రాత్రికి తెరచి, దీపముంచుడు. చలివేంద్రము వేసవికే గాక యాత్రాదినములకును పెట్టుడు. స్త్రీలకు మరుగు, చేతిపంపు ఎక్కడ కలవో తెలుపు పలక నొకటి వ్రాయించుడు. రహదారి యంచున నడకబాట కావలెనని అధికారులకు అర్జీ పెట్టుకొనుడు.

నడచువారికిని నాలుగు మాటలు. ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు దారికి కుడిప్రక్కన, ఒకరి వెనుక నొకరుగా నడువుడు. తెల్లని వస్త్రము ధరించి, ముందొక దీపము, వెనుక నొక దీపము పట్టుకొనుడు. క్రొత్త చెప్పులు వేసికొనకుడు, పాతవే మేలు. సద్దిమూటలో జొన్నరొట్టె, బెల్లము, అటుకులు చాలును. పిల్లలను, వృద్ధులను నడుమ నుంచి, వారి నడకయే అందరి నడకగా చేసికొనుడు.

కరవునాడు ఈ దారిని నడచినవారికి చివర పని దొరికెను, అన్నము దొరికెను. నేడు నడచువారు మననుండి అంత కోరుటలేదు; ఒక చెంబెడు నీళ్లు, ఒక దీపము, ఒక అరుగు చాలును. ఇవి యిచ్చుటకు మన పల్లెలకు శక్తి కలదు.

సెలవు.