అజైడ్ సీసా చేతిలో ఉందా? సింకు వైపు వెళ్లకండి!

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే తార్నాకలో దిగేలోపే ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ దాటేస్తారు. దిగితే ఐఐసీటీ. ఇటు నాచారం పారిశ్రామికవాడలో మందుల కంపెనీలు. బీఎస్సీ కెమిస్ట్రీయో బయోటెక్నాలజీయో చేసి ఈ చుట్టుపక్కల ట్రైనీగా చేరబోతున్నారా? అయితే కాపర్ అజైడ్ గురించి తెలుసుకోండి. నేను ఫస్టియర్ కెమిస్ట్రీ గట్టెక్కితే చాలనుకున్న ఇంజినీరింగ్ బ్యాచే. అయినా దీని గురించి చదివాక సింకు కింద పైపుల్ని వంగి చూడటం అలవాటైంది!

ఒక రాగి పరమాణువుకు ఆరు నైట్రోజన్ పరమాణువులు. ఆ నైట్రోజన్లు విడిపోయి జంటలుగా, అంటే మామూలు నైట్రోజన్ వాయువుగా మారిపోవాలని కాచుక్కూర్చుంటాయి. కాస్త రాపిడి చాలు, ఢాం! అందుకే పేలుడు పదార్థమైనా దీన్ని నేరుగా వాడరు. చిప్ సైజు డిటొనేటర్ల కోసం పరిశోధనలు మాత్రం నడుస్తున్నాయి. కూకట్‌పల్లి ఐడీఎల్ చెరువు తెలుసుగా? 1961లో మొదలైన ఇండియన్ డిటొనేటర్స్ కంపెనీ పేరే అది. డిటొనేటర్లలో వాడే లెడ్ అజైడ్‌కు తేమతో పాటు రాగి తగిలితే కాపర్ అజైడ్ పుడుతుంది. అందుకే దాన్ని ఎక్కువగా అల్యూమినియం గొట్టాల్లో నింపుతారు.

డిటొనేటర్లతో మనకేం పని అంటారా? ల్యాబ్‌లో చూడండి. యాంటీబాడీ సీసాల్లో, బఫర్లలో బ్యాక్టీరియా పెరగకుండా 0.02 నుంచి 0.1 శాతం దాకా సోడియం అజైడ్ కలుపుతారు. లోసార్టాన్, వల్సార్టాన్ లాంటి బీపీ మందుల్లో నాలుగు నైట్రోజన్ల వలయం ఉంటుంది. దాని తయారీలోనూ సాధారణంగా అజైడే వాడతారు. 'చుక్కే కదా' అని రోజూ సింకులో పోస్తే? పైపు ప్లాస్టిక్‌దైతే సరే. లోపలెక్కడో రాగి, ఇత్తడి, సీసం ఉంటే అక్కడ లోహ అజైడ్ పేరుకుంటుంది. ఏడాది తర్వాత పైపు మూసుకుపోయిందని ప్లంబర్ వచ్చి రెంచ్ పెట్టి తిప్పుతాడు. ఆయనకు అజైడ్ అంటే ఏంటో తెలియదు. అమెరికాలో ఇలాంటి పేలుళ్లు జరిగాకే 1976 ఆగస్టులో అక్కడి నియోష్ సంస్థ హెచ్చరిక జారీ చేసింది.

అజైడ్ వ్యర్థాల్లో యాసిడ్ పడినా ప్రమాదమే, విషవాయువు వస్తుంది. ఘన అజైడ్‌ను తీయడానికి లోహపు స్పాచులా వద్దు, ప్లాస్టిక్‌దే వాడండి. చేరిన మొదటి రోజే సీనియర్‌ని అడగండి: "అన్నా, అజైడ్ వేస్ట్ క్యాన్ ఎక్కడ?" ఆయన సింకు చూపిస్తే మొహమాటపడకుండా సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి వెళ్లండి.