సౌండ్ కార్డు వెనక ఎర్రని వెలుగు

కంప్యూటర్ వెనక వరుసగా కనిపించే రంగుల జాక్‌లలో ఆకుపచ్చది స్పీకర్లకు, గులాబీ రంగుది మైకుకు అని చాలామందికి తెలుసు. కొన్ని సౌండ్ కార్డుల మీద, మదర్‌బోర్డుల మీద వాటి పక్కనే నల్లని చదరపు సాకెట్టు ఒకటి ఉంటుంది. దాని మూత తీస్తే లోపల ఎర్రని వెలుగు కనిపిస్తుంది. మరికొన్నింటి మీద నారింజ రంగు గుండ్రటి సాకెట్టు ఉంటుంది. ఈ రెండూ డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌లే. ఏళ్ల తరబడి కంప్యూటర్ వాడినా వీటిలో ఒక్కసారి కూడా తీగ పెట్టనివారే ఎక్కువ.

కంప్యూటర్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. సీడీ పాటనే తీసుకుంటే, ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో రాసిపెడతారు. కుడి, ఎడమ రెండు చానళ్లూ కలిపితే సెకనుకు 14,11,200 బిట్లు. స్పీకరుకు అంకెలు అర్థం కావు, దానికి ఎక్కుతూ దిగుతూ ఉండే విద్యుత్తు కావాలి. అంకెలను విద్యుత్తుగా మార్చే చిప్పును డాక్ అంటారు. ఆకుపచ్చ జాక్ వాడితే ఈ మార్పిడి సౌండ్ కార్డులోనే జరిగిపోతుంది. డిజిటల్ అవుట్‌పుట్ వాడితే అంకెలు అంకెలుగానే బయటికి వెళ్లి, యాంప్లిఫయరులోనో హోమ్ థియేటరులోనో ఉన్న డాక్ దగ్గర మార్పిడి జరుగుతుంది. డిజిటల్ అవుట్‌పుట్ చేసేది ఈ చోటు మార్పే. దానంతట అది శబ్దానికి కొత్త మెరుగేమీ దిద్దదు.

అయినా ఆ చోటు మార్పుకు విలువ ఉంది. కంప్యూటర్ పెట్టెలో పవర్ సప్లై, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు క్షణక్షణం విద్యుత్తును వేగంగా మారుస్తూ ఉంటాయి. వాటి పక్కనే సన్నని ఆడియో విద్యుత్తు ప్రయాణిస్తే ఆ రొద అందులో కలుస్తుంది. మౌస్ కదిపినప్పుడల్లా హెడ్‌ఫోన్లో సన్నగా చిరచిరలాడే శబ్దం అలా వచ్చేదే. అంకెలకు ఈ ఇబ్బంది ఉండదు. అందుకునే పరికరం సున్నాను, ఒకటిని వేరుగా గుర్తించగలిగితే చాలు, దారిలో కలిసిన రొద అక్కడే ఆగిపోతుంది.

ఆ రెండు సాకెట్ల గుండా వెళ్లే భాష ఒకటే. దాని పేరు ఎస్‌పీడిఫ్. సీడీని ప్రపంచానికి ఇచ్చిన సోనీ, ఫిలిప్స్ కంపెనీల పేర్లు ఆ పేరులో ఇమిడి ఉన్నాయి. స్టూడియోల కోసం 1985లో ప్రచురించిన ఏఈఎస్3 ప్రమాణానికి ఇది ఇళ్లలో వాడే రూపం. దీని నిర్మాణంలో ఒక చక్కని తెలివి ఉంది. అంకెలు పంపినంత మాత్రాన సరిపోదు, ఒక్కొక్క అంకె ఎప్పుడు మొదలవుతుందో అవతలి పరికరానికి తెలియాలి. అందుకు వేరే తీగ లేదు. అందుకని ప్రతి బిట్టు మొదట్లో సంకేతం తప్పనిసరిగా ఒకసారి మారుతుంది. బిట్టు ‘ఒకటి’ అయితే మధ్యలో ఇంకోసారి మారుతుంది, ‘సున్నా’ అయితే మారదు. తాళం, పాట ఒకే తీగ మీద కలిసి నడుస్తాయి. ఒక్కో కొలతకు 32 బిట్ల స్థలం ఉంటుంది. అందులో ధ్వనికి గరిష్ఠంగా 24 పోగా, మిగిలినవాటిలో కొన్ని పొరపాట్లను పట్టడానికి, కొలతల వేగం చెప్పడానికి, కాపీ చేసుకోవడానికి అనుమతి ఉందో లేదో తెలపడానికి.

నారింజ సాకెట్టుకు కోయాక్సియల్ కేబుల్ పెడతారు. అది 75 ఓమ్‌ల తీగ. పాత టీవీలకు, డీవీడీ ప్లేయర్లకు వచ్చే పసుపు రంగు వీడియో తీగ కూడా 75 ఓమ్‌లదే కాబట్టి, ఇంట్లో అది ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు.

నల్లని చదరపు సాకెట్టుది వేరే దారి. తోషిబా కంపెనీ 1983లో తన సీడీ ప్లేయర్లను కలపడానికి తెచ్చిన టాస్‌లింక్ ఇది. సంకేతం ఇందులో విద్యుత్తుగా కాకుండా వెలుగుగా వెళ్తుంది, అందుకే దీన్ని ఆప్టికల్ అంటారు. ఎర్రని ఎల్ఈడీ వెలిగి ఆరుతూ ఉంటే, సుమారు 1 మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ పోగు ఆ వెలుగును అవతలికి చేరుస్తుంది. దూరం పెరిగేకొద్దీ వెలుగు మందగిస్తుంది కాబట్టి మామూలుగా 5 మీటర్లకు మించి వాడరు. కేబుల్‌ను గట్టిగా మడిస్తే పోగు దెబ్బతింటుంది. కంప్యూటర్, యాంప్లిఫయరు వేర్వేరు ప్లగ్గుల నుంచి కరెంటు తీసుకుంటున్నప్పుడు వాటి ఎర్తుల మధ్య చిన్న తేడా ఉన్నా ఆడియో తీగ గుండా విద్యుత్తు పారి, స్పీకర్లలో గుమ్మని మోత వస్తుంది. అది 50 హెర్ట్జ్‌ల మన కరెంటు మోతే. వెలుగు దారిలో రెండు పరికరాల మధ్య విద్యుత్ బంధమే ఉండదు, మోతా ఉండదు. ఎర్తింగు సరిగా లేని ఇళ్లలో టాస్‌లింక్‌కు ఉన్న అసలైన గొప్ప ఇదే.

ఎక్కువమందికి నిరాశ ఎదురయ్యేది ఆరు చానళ్ల 5.1 శబ్దం దగ్గర. ఎస్‌పీడిఫ్‌ను రెండు చానళ్ల కోసమే తయారుచేశారు. సెకనుకు 48,000 కొలతలు, 16 బిట్ల లెక్కన ఆరు చానళ్లకు 46,08,000 బిట్లు కావాలి. అదే లెక్కన రెండు చానళ్ల దారిలో పట్టేవి 15,36,000. డీవీడీ సినిమాలో డాల్బీ డిజిటల్ శబ్దం ముందే కుదించి ఉంటుంది, సెకనుకు 4,48,000 బిట్లకు మించదు. ఆ మూటను విప్పకుండా అలాగే పంపిస్తే హోమ్ థియేటరు విప్పుకొని ఆరు స్పీకర్లకూ పంచుతుంది. మూట వెళ్తున్నంతసేపు కంప్యూటర్‌లోని వాల్యూమ్ మీట పనిచేయదు, ఎందుకంటే లోపలి అంకెలను మారిస్తే మూటే చెడిపోతుంది. కంప్యూటర్ గేముల సంగతి వేరు. గేములో ఆరు చానళ్ల శబ్దం అప్పటికప్పుడు పుడుతుంది, కుదించిన మూట ముందుగా ఉండదు. అందుకే సినిమాకు మోగిన వెనక స్పీకర్లు గేముకు మూగబోతాయి. కార్డు పాడైందనుకుని మార్చే పని లేదు. పుట్టిన శబ్దాన్ని వెంటనే డాల్బీ డిజిటల్‌గా కుదించే ఏర్పాటు కార్డులో ఉండాలి. 2001లో వచ్చిన ఎన్విడియా ఎన్‌ఫోర్స్ మదర్‌బోర్డుల్లోని సౌండ్‌స్టార్మ్ ఆ పని చేసింది. తర్వాతి కార్డుల్లో అది డాల్బీ డిజిటల్ లైవ్ పేరుతో కనిపిస్తుంది.

డిజిటల్‌గా వెళ్తోంది కనుక అంకెలు ఉన్నవి ఉన్నట్టే చేరుతున్నాయనుకోవడం కూడా అన్నిసార్లూ నిజం కాదు. 1998లో వచ్చిన ప్రసిద్ధమైన సౌండ్ బ్లాస్టర్ లైవ్ లోపల అంతా 48,000 వేగంతోనే నడిచేది. 44,100 వేగంతో ఉన్న సీడీ పాటను ఆ వేగానికి తిరగరాశాకే బయటికి పంపేది. విండోస్ కూడా వేర్వేరు ప్రోగ్రాముల శబ్దాలను కలిపేటప్పుడు అన్నిటినీ ఒకే వేగానికి తెస్తుంది. పాట చెక్కుచెదరకుండా వెళ్లాలంటే ప్లేయర్‌లో ‘వసాపీ ఎక్స్‌క్లూజివ్’ అనే పద్ధతిని ఎంచుకోవాలి.

స్టూడియోల్లో ఏఈఎస్3 కోసం ఎక్స్‌ఎల్ఆర్ ప్లగ్గులతో 110 ఓమ్‌ల తీగలు వాడతారు. అలెసిస్ కంపెనీ అడాట్ పద్ధతి టాస్‌లింక్ సాకెట్టునే వాడుకుంటూ ఎనిమిది చానళ్లు పంపుతుంది, కానీ దాని భాష వేరు. ప్లగ్గు పట్టింది కదా అని ఎస్‌పీడిఫ్‌తో కలిపితే పాట రాదు.

2002లో మొదలైన హెచ్‌డీఎంఐ ఎనిమిది చానళ్లను కుదించకుండానే మోస్తుంది. బ్లూ-రే సినిమాల్లోని డాల్బీ ట్రూహెచ్‌డీ వంటివి ఆప్టికల్ దారిలో పట్టవు. 2006 నాటి హెచ్‌డీఎంఐ 1.3 వాటికి చోటిచ్చింది. మొదట్లో కొన్ని గ్రాఫిక్స్ కార్డులకు శబ్దం అందించడానికి మదర్‌బోర్డు నుంచి రెండు పిన్నుల చిన్న తీగ పెట్టేవారు. ఇప్పుడు ఆడియో చిప్పు గ్రాఫిక్స్ కార్డులోనే ఉంటుంది, సౌండ్ కార్డు ఆ దారిలోనే లేదు. యూఎస్‌బీ డాక్‌లది ఇంకో మార్గం. వాటిలో మంచివి తమ గడియారం ప్రకారమే కంప్యూటర్ నుంచి అంకెలను అడిగి తీసుకుంటాయి.

కేబుళ్ల ధరల విషయంలో కొనేవారు మోసపోకూడదు. చెడిపోయిన డిజిటల్ కేబుల్ వల్ల టిక్కు టిక్కుమని శబ్దాలు వస్తాయి, లేదా పాట తెగుతుంది. అంతేగాని బాస్ తగ్గడం, గొంతు పలచబడడం జరగదు. ఆప్టికల్ కేబుల్ ప్లగ్గుకు బంగారు పూత వేసి ఎక్కువ ధరకు అమ్ముతారు. వెలుగు ప్రయాణానికి ఆ పూతతో ఏ సంబంధమూ లేదు. ఆ డబ్బు మంచి డాక్ మీదో స్పీకర్ల మీదో పెడితే తేడా చెవికి తెలుస్తుంది.

కొత్త ఆప్టికల్ కేబుల్ రెండు కొనలకూ దుమ్ము పడకుండా చిన్న ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి. అవి తీశాకే ప్లగ్గు పెట్టాలి. ఆ తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగుల్లో స్పీకర్లకు బదులు డిజిటల్ అవుట్‌పుట్‌ను ఎంచుకోవాలి. ఎర్రని వెలుగు కనిపిస్తున్నా శబ్దం రాకపోతే ముందుగా చూడవలసినవి ఈ రెండే.