దాచిన మాట నిజమే, ఎక్కడ దాచాను?

మొదటి షిఫ్టు వాళ్లు ఇళ్లకి చేరే వేళ. ఎదురు క్వార్టరు చెల్లెలు లాప్‌టాప్‌ని చంటిపిల్లలా ఎత్తుకుని మా వరండాలోకి వచ్చింది. మొహంలో కళ లేదు.

"అక్కా, ఆయన రిటైర్మెంటు కాయితాలన్ని ఇండ్ల పెట్టిన. ఇప్పుడు ఒక్కటి కనవడ్త లేదు. ఎల్లుండి ఆఫీసుల ఇయ్యాలె."

ముప్ఫై ఏళ్లకు పైగా బాయి దిగిన మనిషి ఆయన. పీఎఫ్ చీటీలు, బ్యాంకు పాస్‌బుక్కు, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, ఆధార్‌లు అన్నీ ఫోనుతో ఫొటోలు తీసి, కొడుకు హైదరాబాద్ నుంచి తెచ్చిన కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించిందట. అంతవరకూ బాగానే ఉంది. ఎలాగూ ఎక్కించాను కదా అని పాత పే స్లిప్పుల కట్టని చెత్తబండిలో వేసేసింది! గోదావరిఖనిలో ఇలాంటి ఇల్లాళ్లు ఇంకెందరున్నారో అనిపించింది. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

ఇద్దరం కూర్చుని వెతికాం. కాగితాలు ఎక్కడికీ పోలేదు. కొన్ని డౌన్‌లోడ్స్‌లో ఉన్నాయి. కొన్ని డెస్క్‌టాప్ మీద, 'న్యూ ఫోల్డర్', 'న్యూ ఫోల్డర్ 2', 'న్యూ ఫోల్డర్ 3' అనే ముగ్గురు అక్కచెల్లెళ్ల ఒడిలో ఉన్నాయి. పేర్లన్నీ అంకెలే, ఏది ఏమిటో తెరిస్తేగానీ తెలియదు. రెండు మాత్రం నిజంగానే లేవు. కొడుకు వాట్సాప్‌లో పంపితే తెరిచి చూసిందే తప్ప దాచలేదు. తెర మీద కనపడినంత మాత్రాన మన ఫోల్డర్‌లోకి వచ్చినట్టు కాదు సుమండీ. 'సేవ్' నొక్కాలి, ఎక్కడికి వెళుతోందో ఆ చిన్న కిటికీలో చదవాలి, అప్పుడు 'సరే' అనాలి. మనలో చాలామంది చదవకుండానే 'సరే' అనేస్తాం.

బాయి మీది లాంపు రూము సంగతి మన బెల్టులో ఎవరికి తెలియదు? ఎవరి లైటుకి వారి నంబరు, ఆ నంబరుకో గడి. షిఫ్టు అయ్యాక ఏ గడి ఖాళీగా ఉందో చూస్తే ఇంకా పైకి రాని మనిషెవరో తెలిసిపోతుంది. వందల లైట్లున్నా వెతుకులాట ఉండదు. కంప్యూటర్ కూడా అడిగేది ఆ రెండే, ఒక పేరు, ఒక చోటు. 'పోయింది' అని మనం ఏడ్చే ఫైళ్లలో చాలావాటికి పోయింది ఆ పేరో, ఆ చోటో!

ముందు చోటు సంగతి. కొత్త కంప్యూటర్ రాగానే డాక్యుమెంట్స్‌లో 'ఇంటి కాగితాలు' అని ఒక ఫోల్డర్ తెరవండి. ఖాళీ జాగాలో మౌస్ కుడి మీట నొక్కితే 'న్యూ', దాంట్లో 'ఫోల్డర్' కనిపిస్తాయి. పేరు అప్పుడే కొట్టేయండి. తర్వాత పెడదామంటే 'న్యూ ఫోల్డర్' అలాగే ఉండిపోతుంది. లోపల ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఫోల్డర్. ఆధార్‌లన్నీ ఒకచోట, పాస్‌బుక్కులన్నీ ఒకచోట పెట్టేవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఆఫీసులో అడిగేది ఒక మనిషి కాగితాలన్నీ కలిపి, ఇంటిల్లిపాది ఆధార్‌లు కాదు. అలాగని ఫోల్డర్‌లో ఫోల్డర్, దాంట్లో మరో ఫోల్డర్ అంటూ ఏడు గదుల లోపల దాచకండి. పోపుల డబ్బాలో చిన్న గిన్నెలుంటాయి. ఆ గిన్నెల్లో మళ్లీ డబ్బాలుండవు కదా!

ఇక పేరు. 1995లో విండోస్ 95 వచ్చేదాకా, ఇళ్లల్లోనూ ఆఫీసుల్లోనూ వాడిన డాస్ కంప్యూటర్లలో ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మరో మూడు, అంతకు మించి పేరు పెట్టే వీలుండేది కాదు. పాపం, అప్పటివాళ్లు పొడి అక్షరాలతోనే సరిపెట్టుకున్నారు. ఇప్పుడు తెలుగులోనే 'నాన్న పీఎఫ్ చీటీ 2024-03' అని పెట్టుకోవచ్చు. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత తేదీ పెడితే ఒకే రకం కాగితాలు వాటంతట అవే వరుసలో నిలబడతాయి. తేదీల మధ్య మనం కాగితం మీద గీసే ఏటవాలు గీత మాత్రం ఒప్పుకోదు. ప్రశ్నార్థకం, నక్షత్రం, రెండు చుక్కల గుర్తు కూడా అంతే. పేరు మార్చాలంటే ఫైలు మీద ఒకసారి నొక్కి ఎఫ్2 మీట నొక్కండి. చివర చుక్క తర్వాత పీడీఎఫ్, జేపీజీ అని తోక కనిపిస్తే దాని జోలికి పోకండి. అది పోతే ఆ ఫైలు దేంతో తెరవాలో కంప్యూటర్‌కి తెలియదు.

కొన్ని వెబ్‌సైట్లు తెలుగు పేరున్న ఫైళ్లని తీసుకోవు. అందులోకి ఎక్కించేటప్పుడు ఇంగ్లీషు పేరుతో ఒక నకలు తీసుకుంటే సరి. ఫొటో సైజు తగ్గించమన్నప్పుడూ నకలునే తగ్గించండి. అసలుదాన్నే తగ్గించి సేవ్ చేశారంటే మళ్లీ పెద్దది చేయబోతే మసకే మిగులుతుంది.

ఈ నకలు మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. నా పాత కథ ఒకటి ఒక పోటీకి కుదించాల్సి వచ్చింది. తెరిచి, సగం కోసి, మురిసిపోతూ సేవ్ కొట్టాను. కథ చిన్నదయింది. పెద్దది? దాని మీదే రాశాను కదా, ఇంకెక్కడుంటుంది! మొదలుపెట్టే ముందే 'సేవ్ యాజ్' అని కొత్త పేరు పెట్టుకుని ఉంటే రెండూ ఉండేవి. అంతకుముందు రాసినవి మరికొన్ని డీటీపీవాళ్ల పాత ఫాంట్లలో ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గీతలు. అవి పాడైపోలేదు, ఆ ఫాంటు లేదంతే. చెరిపేయకుండా, మార్చేవాళ్ల చేత యూనికోడ్‌లోకి మార్పించుకున్నాను.

మౌస్‌తో ఫైలుని లాగి ఇంకోచోట వదులుతాం చూడండి, అక్కడ ఒక చిక్కుంది. ఒకే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి మరోదానికి లాగితే ఫైలు అక్కడికి వెళ్లిపోతుంది, పాత చోట ఉండదు. పెన్‌డ్రైవ్‌లోకి లాగితే మాత్రం నకలు వెళుతుంది, అసలుది ఉంటుంది. ఈ తేడా తెలియక 'ఇక్కడే పెట్టానే' అని తల పట్టుకునేవాళ్లు ఎందరో. చెయ్యి జారి ఎటో పోయిందనిపిస్తే వెంటనే కంట్రోల్ మీటతో పాటు జెడ్ నొక్కండి, వెనక్కి వస్తుంది.

చెరిపిన ఫైలు మామూలుగా రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. షిఫ్ట్ నొక్కి చెరిపినా, పెన్‌డ్రైవ్ నుంచి చెరిపినా అందులోకి రాదు. కొత్త కంప్యూటర్లలో మరో సంగతి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉండవచ్చు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. పెళ్లి ఫొటోలు పోస్తే ఇట్టే నిండిపోతుంది. అప్పుడు 'అక్కడ ఉన్నాయి కదా' అని చాలామంది చెరపడం మొదలుపెడతారు. అక్కడ చెరిపితే ఇక్కడా పోతుంది, ఇక్కడ చెరిపితే అక్కడా పోతుంది! దాని చెత్తబుట్టలో 30 రోజులుంటాయి, ఆ లోపు గుర్తొస్తే అదృష్టం. అందుకే ముఖ్యమైన వాటికి విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో మరో నకలు ఉంచుకోవాలి. దాన్ని బీరువాలో పెట్టండి, లాప్‌టాప్ సంచీలో కాదు. సంచీ పోతే రెండూ పోతాయి.

ఆ పెన్‌డ్రైవ్‌ని జిరాక్సు షాపుకి పంపకండి. షాపుకి వేరేది ఉంచండి. అక్కడి కంప్యూటర్లలో తగిలించి తెచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి ఉంటే కంగారులో వాటిమీద నొక్కడం, ఫార్మాట్ చేసేయడం రెండూ తప్పే. ఆ వైరస్ మన ఫోల్డర్లని కనపడకుండా దాస్తుంది, చాలాసార్లు అవి లోపలే ఉంటాయి. తెలిసినవాళ్లకి చూపించండి. అన్నట్టు, షాపులో ఆధార్ స్కాన్ చేయించాక వాళ్ల కంప్యూటర్‌లోది మీ ఎదుటే చెరిపించారా?

ఎదురింటి చెల్లెలి కాగితాలు సర్దడానికి చీకటి పడింది. వాట్సాప్‌లో దాచనివి రెండూ కొడుకు మళ్లీ పంపాడు. పే స్లిప్పులకి మాత్రం ఫొటోలే గతి. ఏ ఆఫీసులోనైనా అసలు కాగితం చూపించమంటే ఫొటో చూపించి ఒప్పించడం కష్టం. కంప్యూటర్‌లోకి ఎక్కాయని అసలువి పారేయకూడదని చెల్లెలికి ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరికి ఆయన పేరుతో ఫోల్డర్ తెరిచి మీటల మీద వేళ్లు పెట్టాను. చెల్లెలు నెమ్మదిగా అంది. "ఏ పేరు పెడ్తవక్కా? ఆధార్ల ఉన్న పేరా, బాయి రికార్డుల ఉన్న పేరా?"

నా వేళ్లు ఆగిపోయాయి. సింగరేణిలో మారుపేర్ల గొడవ ఎన్ని ఇళ్లని తిప్పలు పెట్టిందో మనకి తెలియనిదా? ఒక పేరుతో పుట్టి, ఇంకో పేరుతో బాయి దిగి, తీరా పిల్లలకి ఉద్యోగం అడిగే వేళకి ఆ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని నిరూపించలేక ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు. వీళ్లది అంత పెద్ద గొడవ కాదట, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా. అయినా ఆమె గొంతులో భయం అంతే ఉంది.

రెండు పేర్లూ కొట్టాను. దాని లోపల ఇంకో చిన్న ఫోల్డర్ తెరిచి, ఆ రెండు పేర్లూ కలిసి కనిపించే కాగితం ఏదైనా ఉంటే ముందు అందులో వేయమన్నాను. రేపు ఆయనని కూర్చోబెట్టి పాత పెట్టెలో వెతికిస్తానంది.