నిచ్చెన ఎక్కేముందు

1965లో ఈ దేశపు వలస చట్టం మారాక అమెరికా వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు ఇక్కడ నేర్చుకున్న విద్యల్లో స్క్రూడ్రైవరు పట్టడం ఒకటి. మన ఊళ్ళో కుళాయి కారితే మేస్త్రీకి కబురు పెట్టేవాళ్ళం. ఇక్కడ ప్లంబరు గుమ్మంలో అడుగు పెట్టడానికే ఎంత అడుగుతాడో విన్నాక వాషరు మార్చడం దానంతటదే వచ్చేసింది. గోడలకు రంగులు, గట్టర్లలో ఆకులు తీయడం, మంచు ఎత్తిపోయడం అన్నీ అలవడ్డాయి. దీనిమీద మనకు కాస్త గర్వం ఉంది, ఉండవలసిందే. అయితే అప్పుడు ముప్ఫైల్లో ఉన్నాం. ఇప్పుడు డెబ్భై దాటాం. గరాజులో నిచ్చెన మాత్రం అదే.

పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. కొందరికి ఇంట్లో తోడు కూడా లేదు. 65 ఏళ్ళు దాటినవారిలో ఏటా నలుగురిలో ఒకరికి పైగా ఎక్కడో ఒకచోట పడుతున్నారని ప్రభుత్వ లెక్క. ఆ వయసులో గాయాలవల్ల కలిగే మరణాలకు మొదటి కారణం కూడా ఇలా పడిపోవడమే.

నిచ్చెన సంగతే ముందు చెప్పుకోవాలి. గోడకు వాల్చేటప్పుడు నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున కింది కాళ్ళు గోడకు దూరంగా ఉండాలి. అంటే పన్నెండడుగుల ఎత్తుకు మూడడుగులు. కప్పు మీదికి దిగేవారు నిచ్చెన కప్పు అంచుకంటే మరో మూడడుగులు పైకి ఉండేలా చూసుకోవాలి. అసలు ఈ వయసులో కప్పు మీద మనకేం పనో మాకు తెలియదు. పైన ఉన్నప్పుడు బొడ్డు రెండు నిలువు కమ్మీల మధ్యనే ఉండాలి. "ఆ ఒక్క గుప్పెడు ఆకులు అందితే చాలు" అని పక్కకు వంగినప్పుడే పడతారు. దిగి, నిచ్చెన జరిపి, మళ్ళీ ఎక్కడానికి బద్ధకమైతే ఆ ఆకుల్ని అక్కడే ఉండనివ్వండి. కరెంటు తీగలు దగ్గరలో ఉంటే అల్యూమినియం నిచ్చెన బయటికి తీయవద్దు. లుంగీతో, హవాయి చెప్పులతో ఎక్కేవారికి వేరే చెప్పాలా?

ఇంట్లోనూ తక్కువేం కాదు. పోపు పొగకు స్మోక్ అలారం మోగగానే చక్రాల కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేవారున్నారు. ముందు కిటికీ తెరవండి, ఫ్యాను వేయండి. పదేళ్ళు మన్నే బ్యాటరీతో వచ్చే అలారాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. పిల్లలు పండక్కి వచ్చినప్పుడు వాళ్ళచేత పెట్టించుకుంటే పదేళ్ళపాటు బ్యాటరీ కోసం కుర్చీ ఎక్కే పని ఉండదు. గరాజు తలుపు స్ప్రింగు జోలికి మాత్రం ఎంత పెద్ద మెకానికల్ ఇంజనీరైనా వెళ్ళవద్దు. బిగించి ఉన్న ఆ స్ప్రింగు జారితే చెయ్యి విరుగుతుంది.

మంచు పని గుండెకు భారం. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. పారతో ఎత్తడం కన్నా నెట్టడం మేలు. గుండె జబ్బున్నవారు డబ్బిచ్చి చేయించుకోవడమే మంచిది.

రక్తం పలుచబడే మందులు వాడేవారు మనలో చాలామంది. తలకు దెబ్బ తగిలితే బొప్పి కట్టకపోయినా, బాగానే ఉన్నట్టు అనిపించినా ఆస్పత్రికి వెళ్ళాలి. లోపలి రక్తస్రావం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. ఇది మన డాక్టర్లకు తెలియక కాదు, తమ విషయంలో పాటించరు!

ఇక అసలు చిక్కు. పడినవారు చెప్పరు. "మోకాలు కాస్త పట్టేసింది" అంటారు. చెబితే ఇల్లు అమ్మేసి తమ దగ్గరికి వచ్చెయ్యమంటారని భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. కానీ మొదటి పాటు దాచినవారికి రెండోది దాచడానికి వీలు లేకపోవచ్చు. పిల్లలకూ ఒక మాట: నాన్నగారు పడ్డానని చెప్పిన రోజున ఇల్లు అమ్మే మాట ఎత్తకండి. నిచ్చెన పని ఎవరిచేత చేయించాలో మాట్లాడండి.

ఇండియానుంచి వచ్చిన అమ్మానాన్నల సంగతి వేరు. పగలంతా ఊరికే కూర్చోలేక పిల్లలకు సాయంగా ఉంటుందని పెరట్లో పనికి దిగుతారు. వారికి 911 నొక్కడం, ఇంటి నంబరు, వీధి పేరు పలకడం నేర్పండి. పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఒంటరిగా ఉండేవారు ఎవరైనా మిత్రుడితో ఒక ఏర్పాటు చేసుకోవచ్చు. "పదింటికి బేస్‌మెంట్‌లోకి దిగుతున్నాను, పదకొండుకు ఫోను చేస్తాను, చేయకపోతే నువ్వు చెయ్యి" అని చెబితే చాలు. ఫోను చొక్కా జేబులో ఉండాలి, వంటింటి బల్లమీద కాదు. వీధి తలుపుకు లోపల గొలుసు వేసుకుని పనికి దిగవద్దు. ఇంకో తాళంచెవి పక్కింటివారి దగ్గర ఉంచండి. మన పులిహోర రుచి మరిగినవారైతే పిలవకుండానే వచ్చి చూసిపోతుంటారు.