తాత ఏ పటాలంలో ఉన్నాడు?

'మన పెద్దాయన రంగం పోయి నేతాజీ ఫౌజులో చేరాడు' అన్న మాట కొన్ని ఇళ్ళలో తరాలుగా నిలిచి ఉంటుంది. కాగితం ఉండదు, ఫోటో ఉండదు. హదీసు చెప్పేవాణ్ణి మన ఉలమాలు మొదట 'ఎవరి నుంచి విన్నావు?' అని అడిగేవారు. ఆ సనద్ పద్ధతే ఇక్కడా కావాలంటాం మేము. ఆ మాట ఇంట్లో ఎవరు చెప్పారో, వారికి ఎవరు చెప్పారో ముసలి నానీలు, ఫుఫీలు ఉండగానే రాసిపెట్టుకోవాలి.

అసలు చిక్కు పేరుతో వస్తుంది. మన వైపు షేక్ మస్తాన్‌లు, ఖాదర్‌లు, సైదాలు, నాగూర్ మీరాలు ఎందరో! పటాలం గుమాస్తా ఇంగ్లీషులో తనకు తోచినట్లు రాసుకుంటే మస్తాన్ వలీ కాస్తా మస్తాన్ సాహెబ్ అయి ఉండవచ్చు. పేరొక్కటే పట్టుకుని పోతే వేరే ఇంటి తాత మన తాత అయిపోతాడు. అది తెలిసి చేస్తే అబద్ధపు సాక్ష్యమే. తండ్రి పేరు, ఊరు, తాలూకా మూడూ కలవాలి. 'పల్నాడు జిల్లా' అని వెతికితే దొరకదు, అది 2022లో ఏర్పడింది. 1940లలో మాచర్ల, గురజాల ఊళ్ళు పల్నాడు తాలూకాలోవి, నరసరావుపేట వేరే తాలూకా. అన్నీ మద్రాసు రాజధానిలోని గుంటూరు జిల్లాకే చెందేవి.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైంది. బందీలైన భారతీయ సిపాయిల్లో వేలమంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరని వారిలో చాలామందిని జపాను వాళ్ళు న్యూగినియా వంటి దీవులకు కూలి పనికి తరలించారు. బర్మా, మలయాల్లో పొట్టకూటికి పోయిన మనవాళ్ళు కూడా ఫౌజులో చేరారు. అలాంటివారికి బ్రిటిష్ పటాలం నంబరు ఉండదు. 'ఇత్తెహాద్, ఎతమాద్, ఖుర్బానీ' అన్నది ఆ ఫౌజు నినాదం. నేతాజీతో జలాంతర్గామిలో వచ్చిన ఆబిద్ హసన్ సఫ్రానీ మన హైదరాబాదు వారే.

బ్రిటిష్ సైన్యంలో చనిపోయి సమాధి తెలియని వారి పేర్లు బర్మాలోని టౌక్యాన్, సింగపూరులోని క్రాంజీ స్మారకాల మీద చెక్కి ఉన్నాయి. రిజిస్టర్లలో చాలామందికి తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. ఆజాద్ ఫౌజు అమరులు వాటిలో కనిపించరు. వారి సంగతి కోసం ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో వెతకాలి. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వారు పట్టుబడిన వారిని విచారించి తెలుపు, బూడిద, నలుపు అని మూడు తరగతులు చేశారు. నలుపు వారిని బకాయి జీతం కూడా ఇవ్వకుండా బర్తరఫ్ చేశారు. తాత ఉత్త చేతులతో ఇల్లు చేరాడన్న మాట మీ ఇంట్లో ఉంటే దాన్ని తేలిగ్గా తీసిపారేయకండి.

వెతికితే తాత బ్రిటిష్ పటాలంలోనే ఉండి బందీగా కన్నుమూశాడని తేలవచ్చు. అప్పుడు అదే రాయాలి. సమరయోధుల పింఛను మనవలకు రాదు కనుక ఇందులో పైసల ఆశ కూడా లేదు.

1972లో ఆ పింఛను మొదలైంది. తాతకో దాదీకో వచ్చి ఉంటే పాత దరఖాస్తు నకలు ట్రంకుపెట్టెలో వెతకండి. జైలు రికార్డు దొరకనప్పుడు తోటి ఖైదీల ధ్రువపత్రాలు జతచేసేవారు. ఆ పత్రం ఇచ్చినాయన ఏ ఊరివాడో చూడండి. మన తాత కబురు వాళ్ళ ఇంట్లో ఉండవచ్చు.