గాలిపట్టి నుండి గాలిమర దాకా

గాలి కంటికి కనబడదు. ఆకు కదలినప్పుడు, ధూళి లేచినప్పుడు, దీపం వణకినప్పుడు మాత్రమే అది ఉన్నదని తెలియవచ్చును. కనబడని ఈ బలానికి రూపం కల్పించవలెనని మనుష్యుడు రెండు విధాల ప్రయత్నించినాడు. కవి దానికొక కొడుకును కల్పించినాడు. వడ్రంగి దానికొక చక్రాన్ని అమర్చినాడు. మొదటిది గాలిపట్టియైన హనుమంతుని కథ, రెండవది గాలిమర కథ. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చదివినచో, బలమునకు ఆశకు గల సంబంధాన్ని సాహిత్యం ఎట్లు పరీక్షించినదో స్పష్టపడగలదు.

తెలుగునాట ఈ పరిశీలనకు తగిన తావు పాలమూరు సీమలోనే ఉన్నది. నాగర్‌కర్నూలు జిల్లా బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమాను నేడు శనైశ్చరాలయం వల్ల ప్రసిద్ధం. ఒకప్పుడది వర్ధమానపురం, కాకతీయుల సామంతులైన గోన, మల్యాల వంశాల చరిత్రతో ముడిపడిన పట్టణం. ఆ గోన వంశీయుడైన బుద్ధారెడ్డి రచనగా 13వ శతాబ్ది నుండి మనకు దక్కిన కావ్యం రంగనాథ రామాయణం. అది ద్విపద. రెండేసి పాదాలుగా సాగి, పాడుటకును వినుటకును సులువైన ఛందస్సు. కావుననే ఆ కావ్యం పండితుని పీఠం వద్ద ఆగిపోక, తోలుబొమ్మలాట తెర మీదికి కూడ నడచి వెళ్లినది. అక్షరం రాని శ్రోతకు సైతం హనుమంతుడు ఆప్తుడైనాడు.

రామాయణ సంప్రదాయంలో ఆ గాలిపట్టి బాల్యకథ గమనింపదగినది. బాలుడైన హనుమంతుని ఇంద్రుడు వజ్రంతో కొట్టగా, వాయుదేవుడు అలిగి తన సంచారాన్ని ఉపసంహరించుకొన్నాడు. లోకాలకు ఊపిరి ఆడలేదు. దేవతలందరు వచ్చి బ్రతిమాలవలసి వచ్చినది. విసరిన గాలి కంటె ఆగిన గాలి బలీయమని ఆ కథ చెప్పుచున్నది. తరువాతి కథ మరింత లోతైనది. సముద్రతీరాన వానరులు దిగులుపడి కూర్చున్నప్పుడు, తన బలం తనకే జ్ఞాపకం లేని హనుమంతునికి జాంబవంతుడు దానిని గుర్తు చేసినాడు. కొత్తగా ఏమియు ఇవ్వలేదు. ఉన్నదానిని ఉన్నదని చెప్పినాడు, అంతే. ఉపాధ్యాయ వృత్తికి ఇంతకంటె చక్కని ఉపమానం దొరకుట కష్టం. ఆ బలమే సముద్రం దాటి, అశోకవనంలో నిరాశతో ఉన్న సీతకు ఉంగరమై, ఆశయై చేరినది.

అదే శతాబ్దిలో తిక్కన తీర్చిన విరాటపర్వంలో మరియొక గాలికొడుకు కనిపించును. భీముడు వలలుడనే పేర విరటుని వంటశాలలో గరిటె పట్టినాడు. కొండలను పిండిచేయగల బలం పదిమందికి అన్నం వండినది. గాలిమర చేయు పనియు ఇదే గదా!

తెలుగు రైతుకు గాలిమర పరాయిదైనను గాలి పరాయిది కాదు. కల్లంలో పీట మీద నిలబడి, చేటతో ధాన్యాన్ని ఎత్తి పోయుచుండగా గాలి వచ్చి పొల్లును ఎగురగొట్టును. గింజ కాళ్ల దగ్గర రాలును. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవలెనన్న సామెత ఆ అనుభవం నుండి పుట్టినదే. గాలి కొరకు ఎదురుచూచే కల్లంలో బలము, ఆశ వేరువేరు కావు.

ఇక గాలిమర పూర్వం పారశీక దేశపు సీస్తాను ప్రాంతంలో తిరిగినది. ఐరోపాకు 12వ శతాబ్దిలో వచ్చినది. హాలెండులో పల్లపు భూములనుండి నీటిని తోడి పోసినది, తక్కినచోట్ల గోధుమలు విసరినది. దానిని విశ్వసాహిత్యంలో చిరస్మరణీయం చేసినవాడు స్పెయిన్ దేశీయుడు సెర్వాంటెస్. 1605లో వెలువడిన డాన్ క్విక్సోట్ మొదటి భాగం ఎనిమిదవ అధ్యాయంలో, వృద్ధవీరుడు మైదానంలోని గాలిమరలను రాక్షసులని భ్రమించి ఈటెతో తలపడును. ఈటె విరుగును, గుర్రంతో సహా నేల గూలును. అవి మరలేనని తెలిసిన తరువాత కూడ, మాంత్రికుడెవడో తన కీర్తి కాజేయుటకు రాక్షసులను మరలుగా మార్చినాడని వాదించును. దీనిని మూర్ఖుని కథగా చెప్పి ముగించుట సులభం. కాని సెర్వాంటెస్ 1571లో లెపాంటో యుద్ధంలో ఎడమచేతి స్వాధీనం కోల్పోయినవాడు, అల్జియర్సులో ఐదేండ్లు బందీగా ఉన్నవాడు. ఓడినవారిని చూచి ఊరక నవ్వగలవాడు కాడు. మర లోపల పిండి పడుచున్నదన్న సంగతి ఆ వీరుని కంటికి ఆనలేదు. ప్రయోజనం తెలియని బలం ఎవరికైనను రాక్షసాకారంగానే తోచును.

ఫ్రెంచి రచయిత ఆల్ఫాన్స్ దోదే 1869లో ప్రకటించిన కథాసంపుటిలో మరియొక మర ఉన్నది. ఊరికి ఆవిరి మర వచ్చినది. గాలిమరలు ఒక్కొక్కటిగా ఆగిపోయినవి. కోర్నీయ్ అనే ముసలివాని మర మాత్రం తిరుగుచునే ఉన్నది. గాడిద మీద సంచులు వచ్చుచునే ఉన్నవి. కడకు రహస్యం బయటపడినది: ఆ సంచులలో ఉన్నది పిండి కాదు, సున్నపు పెళ్లలు, రాళ్లముక్కలు. పరువు కొరకు ఉత్త మరను త్రిప్పుచున్నాడు. ఊరివారు అతనిని పరిహసించలేదు. సిగ్గుపడి, తమ ఇండ్లలోని గోధుమలన్నియు మోసికొని వచ్చినారు. గాలి ఒక్కటే మరను త్రిప్పజాలదు, ఊరి గింజ కూడ కావలెనని ఆ కథ సారం.

బీహారులోని మోతీహారిలో 1903లో జన్మించిన జార్జి ఆర్వెల్, 1945లో ప్రచురించిన యానిమల్ ఫారం నవలలో గాలిమర చేదు ప్రతీకయైనది. వెలుగు వచ్చును, వెచ్చదనం వచ్చును, పని తగ్గును అన్న ఆశతో పశువులు రాళ్లు మోసి మరను కట్టును. ఒకసారి తుపానుకు కూలును, మరొకసారి శత్రువులు మందుపెట్టి పేల్చివేయుదురు. మూడవసారి పూర్తియైనను, మోసినవాని కొట్టంలో దీపం వెలుగదు. లాభం పెత్తనం చేయు పందులకే చేరును.

ఈ ఘట్టం పాలమూరు పాఠకునికి కేవలం కథ కాదు. ఈ సీమ కూలీలు దేశమందు ఎన్నియో ఆనకట్టలు కట్టినారు. వారి చెమటతో ఇతరుల చేలు పండినవి. వారి చేలు మాత్రం వాన కొరకు ఎదురుచూచినవి. శ్రీశైలం జలాశయపు కృష్ణా జలాలను మూడు అంచెలలో పైకెత్తు కల్వకుర్తి పథకం 2010ల దశకంలో ఈ జిల్లాకు నీరు తెచ్చినప్పుడు, మోసినవాని గడపకు వెలుగు రావలెనన్న పాత ఆశ కొంతైనను తీరినది. హాలెండులో గాలిమర నీటిని బయటికి తోడినది. ఇచ్చట విద్యుత్ మర నీటిని లోపలికి తోడినది. ఆశ మాత్రం ఒక్కటే.

ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఆశకు మరల జీవం పోసినవాడు పాఠశాల బాలుడు. 2001–02 నాటి కరువులో ఫీజు కట్టలేక చదువు మానిన విలియం కంక్వాంబా, గ్రంథాలయంలో దొరికిన ఒక పుస్తకంలోని బొమ్మలు చూచి, పాత సైకిలు భాగాలతో, ట్రాక్టరు పంకాతో, నీలగిరి దుంగలతో గాలిమర నిలబెట్టి ఇంటిలో దీపం వెలిగించినాడు. ఆ అనుభవం 2009లో గ్రంథరూపం దాల్చినది. అతనికి జాంబవంతుడు ఒక గ్రంథాలయం!

నేటి తెలుగు విద్యార్థికి గాలిమర బొమ్మలోని వస్తువు మాత్రమే కాదు. 1990ల దశకం నుండి అనంతపురం సీమలోని రామగిరి కొండల మీద అవి కనిపించుచున్నవి. తరగతిలో గాలిమర దేనికి ప్రతీక అని అడిగి, ఒక మాట జవాబుతో తృప్తిపడరాదు. అది ఎవరి చేతులతో లేచినది, అందులో ఎవరి గింజ పడినది, పిండి ఎవరి ఇంటికి పోయినది అని అడుగవలెను. ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకిన విద్యార్థి సెర్వాంటెసును, ఆర్వెలును మాత్రమే గాక, తన ఊరి కల్లాన్ని, కాలువను కూడ చదువనేర్చును.